పూయుటకు ముందు పొట్లము చదువుడు

కుంకుడుకాయ రసముతో తలంటుకొనుట, సున్నిపిండితో ఒళ్లు రుద్దుకొనుట, ఆముదపు దీపము మసితో కాటుక చేసికొనుట, పసుపుకొమ్ములతో కుంకుమ తయారు చేసికొనుట మన పల్లెలలో తరతరములుగా వచ్చిన అలవాట్లు. ఆ వస్తువులలో ఏమేమి కలదో వాడువారికి తెలిసియుండెడిది. చేసిన చేయియు, పూసికొన్న చేయియు ఒక ఇంటివే. నేడు ఆ స్థితి మారినది. కోదాడ పట్టణపు అంగళ్లలో దొరకు ముఖలేపనములు, జుట్టు రంగులు, షాంపూలు, బొట్టుబిళ్ళలు నడిగూడెము వంటి గ్రామములలోని చిన్న కిరాణా కొట్లలో సైతము వ్రేలాడుచున్నవి. వీనిని చేసినవారిని మనమెరుగము. వీనిలో ఏమి కలిపినారో మనము చూడలేదు. మనకును ఆ వస్తువునకును నడుమ సాక్షి ఒక్కటే. అది పొట్లముమీది అచ్చు.

క్రొత్త వస్తువులన్నియు చెడ్డవని చెప్పుట మా ఉద్దేశము కాదు. చట్టము ననుసరించి తయారై, పేరును చిరునామాయు గల సబ్బును, తలనూనెను చూచి భయపడవలసిన పనిలేదు. ఐనను కొన్ని పదార్థములు మాత్రము మూత్రపిండములను చెరచునవి, ముఖమును పాడుచేయునవి, పసిబిడ్డల మెదడునకు కీడు చేయునవి కలవు. అవి ఏవి, ఎందులో నుండును, వానిని గుర్తించుట యెట్లు అను మూడు సంగతులను ఈ వ్యాసమున వివరింతుము. వీనికన్నిటికిని మూలమైన సూత్రము ఒక్కటి కలదు. ఏమున్నదో చదువుటకు వీలులేని వస్తువును ఒంటికి పూయరాదు. వారము దినములలో తెల్లబరచు నదియు, పది నిమిషములలో నల్లబరచు నదియు ఐనచో రెండు మారులు చదువవలెను.

చర్మము గోడ వంటిది కాదు

నోటిలో వేసికొనునది మాత్రమే ఒంటిలోనికి పోవును, పైన పూసినది పైననే యుండునని పలువురు తలంచుచున్నారు. ఇది పూర్తిగా నిజము కాదు. చర్మము వాననీటిని, మట్టిని, చాల సూక్ష్మజీవులను ఆపగలదు గాని కొన్ని రసాయనములను ఆపలేదు. వైద్యులు కొన్ని మందులను చర్మముపై అంటించు పట్టీల రూపమున ఇచ్చుట ఈ కారణముచేతనే. కనురెప్పల చర్మము మిక్కిలి పలుచన. ముఖము, మెడ, తొడల మడతలు కూడ సున్నితమైనవే. గీరుకొన్నచోట, పుండుపడిన చోట, చెమటకు నానినచోట పదార్థములు మరింత సులభముగా లోనికి చొరబడును. పసిబిడ్డకు బరువుతో పోల్చిచూచిన చర్మపు వైశాల్యము హెచ్చు. కావున పెద్దలకు కొంచెమైనది బిడ్డలకు ఎక్కువ కావచ్చును.

తెల్లబరచు లేపనములలో పాదరసము

చర్మమునకు రంగునిచ్చు పదార్థమునకు మెలనిన్ అని పేరు. చర్మములోని కొన్ని కణములు దీనిని తయారుచేయును. ఎండలోని హానికరమైన కిరణములనుండి ఇది మనలను కాపాడును. సాగరు ఎడమ కాలువ క్రింది మళ్లలో నాట్లు వేయు స్త్రీల చేతులు ఎండకు నలుపెక్కుట రోగము కాదు, శరీరము తన్ను తాను కాపాడుకొను విధానము.

పాదరసపు లవణములు ఈ మెలనిన్ తయారగుటకు అడ్డుపడును. అందుచేత కొన్ని వారములలో ముఖము తెల్లబడినట్లు కన్పించును. కాని పాదరసము ముఖముతో ఆగదు. రక్తములో కలిసి మూత్రపిండములలో చేరి, మాంసకృత్తులు మూత్రములో కారిపోవునట్లు చేయును. కాళ్లు వాచును, మూత్రము నురుగుగా పోవును. నరములకు సోకిన యెడల చేతులు వణకుట, నిద్రపట్టకుండుట, చిరాకు, మతిమరపు కలుగును. గర్భిణీ వాడిన యెడల కడుపులోని శిశువునకు కూడ హాని కలుగవచ్చును. పూసికొన్నవారి చేతుల నుండి, తువ్వాళ్ల నుండి, పరుపుల నుండి అది ఇంటిలోని బిడ్డలకు సైతము అంటును. ఒకరు పూసికొనిన, విషము ఇంటిల్లిపాదికి చేరవచ్చునన్నమాట.

ఇది ఎక్కడనో జరిగిన మాట కాదు. మన దేశము నుండియే ఉదాహరణము కలదు. కేరళలోని మలప్పురము జిల్లా కొట్టక్కల్ పట్టణపు వైద్యులు 2021 జూలై మొదలు 2023 సెప్టెంబరు వరకు ఒక విధమైన మూత్రపిండ వ్యాధితో వచ్చిన 22 మందిని పరిశీలించిరి. వారిలో 15 మందికి సాధారణముగా అరుదుగా కన్పించు ఒకే రకపు వ్యాధి యున్నట్లు తేలినది. ఆ 15 మందిలో 13 మంది ముఖము తెల్లబరచు లేపనములు వాడినవారే. లేపనము మానిన పిమ్మట వారిలో చాలమందికి వ్యాధి తగ్గుముఖము పట్టినది. కారణమును కనుగొనుటయే చికిత్సలో సగము పని యని దీనివలన గ్రహింపవచ్చును. అందువలన వైద్యుని యొద్దకు పోయినపుడు తినిన మందులనే గాక పూసికొనిన లేపనములను గూర్చి కూడ దాచక చెప్పవలెను.

పాదరసము చేయు కీడును ప్రపంచము జపానులోని మినమాటా పట్టణమున చూచినది. కర్మాగారము సముద్రములోనికి వదలిన పాదరసము చేపలద్వారా ప్రజల శరీరములలో చేరి వందలకొలది కుటుంబములను నాశనము చేసిన సంగతి 1956లో బయటపడినది. ఆ ఊరి పేరుననే 2013లో అంతర్జాతీయ ఒడంబడిక ఏర్పడినది. భారతదేశము 2018లో దానిని ఆమోదించినది. సౌందర్య వస్తువులలో పాదరసము చేర్చుటను మాన్పించుట ఆ ఒడంబడికలోని అంశములలో ఒకటి. మన దేశపు నిబంధనల ప్రకారము కంటికి సంబంధించిన వస్తువులు తప్ప తక్కిన వానిలో, కావలెనని కలపకున్నను చేరిన పాదరసము సైతము పది లక్షల పాళ్లలో ఒక పాలును మించరాదు.

ఐనను దొంగచాటుగా వచ్చు లేపనములు ఆగలేదు. వీనిని గుర్తించుటకు కొన్ని ఆనవాళ్లు కలవు. డబ్బీపై తయారీదారుని చిరునామా యుండదు. పదార్థముల పట్టిక యుండదు, లేదా మనకు తెలియని పరభాషలో మాత్రమే యుండును. కాలోమెల్, మెర్క్యురస్ క్లోరైడు, అమ్మోనియేటెడ్ మెర్క్యురీ అను మాటలు కన్పించిన అది పాదరసమే. బంగారము, వెండి, అల్యూమినియము వస్తువులకు తగులనీయరాదను హెచ్చరిక యున్నను అనుమానింపవలెను. పాదరసము బంగారముతో కలిసి దానిని తెల్లగా మార్చును. చేతి ఉంగరమునకే తగులరాదను వస్తువును ముఖమునకు పూసికొనుట యెట్లు తగును?

మందును ముఖలేపనముగా వాడరాదు

రెండవ ప్రమాదము మందుల దుకాణములోనే కలదు. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ మొదలగునవి స్టీరాయిడ్ జాతి మందులు. కొన్ని చర్మరోగములకు వైద్యులు వీనిని కొలది దినములు, కొలది మోతాదున వాడింతురు. తగిన రోగమునకు తగిన విధమున వాడిన అవి మేలైన మందులే. కాని వీనిని పూసిన తొలి దినములలో ఎరుపు తగ్గి, ముఖము నునుపై, రంగు తేలినట్లు కన్పించును. అది చూచి మొటిమలకును, మంగుమచ్చలకును, తెలుపునకును ఇదియే మందని ఒకరు చెప్పగా ఒకరు కొని నెలల తరబడి పూసికొనుచున్నారు.

దీని ఫలితము ఏమనగా, చర్మము పలుచబడి రక్తనాళములు బయటికి కన్పించును. ముఖము ఎర్రబడి మండును. మొటిమలు రెట్టించును. ఆడపిల్లల ముఖములపై రోమములు పెరుగును. మందు మానిన నాడు మంట మరింత హెచ్చగును. ఆ మంటకు ఓర్వలేక మరల అదే మందు పూయుదురు. ఇట్లు వదలించుకొనలేని సంకెల యొకటి ఏర్పడును. తామరకు ఈ మందు పూసిన యెడల దురద తగ్గినట్లుండును గాని, లోపల బూజుజాతి సూక్ష్మజీవి నిరాటంకముగా వ్యాపించి, తామర రూపము మారి, వైద్యునికే పోల్చుకొనుట కష్టమగును. ఇంటిలో ఒకరికి వచ్చిన తామర పదిమందికి ప్రాకుటకు ఇదియు ఒక కారణము.

ఇట్లు విచ్చలవిడిగా జరుగుచున్న అమ్మకమును గూర్చి చర్మ వైద్యుల సంఘములు చిరకాలముగా ఆందోళన వెలిబుచ్చుచుండగా, 2018లో కేంద్ర ప్రభుత్వ ఆరోగ్యశాఖ పదునాలుగు స్టీరాయిడ్ లేపనములను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాని మందుల జాబితాలో చేర్చినది. ట్యూబుపై ఆర్‌ఎక్స్ అను అక్షరములున్న యెడల అది మందు. ఆ అక్షరములున్న వస్తువును పొరుగువారి మాటపైగాని, దుకాణదారుని మాటపైగాని కొనరాదు. ఇదివరకే నెలల తరబడి వాడుచున్నవారు భయపడి ఒక్కసారిగా మానుటకంటె, ట్యూబును వెంటగొని చర్మ వైద్యుని చూచుట మేలు. క్రమముగా మాన్పించు పద్ధతి వారికి తెలియును.

తెలుపునకు వాడు మరియొక పదార్థము హైడ్రోక్వినోన్. ఇదియు వైద్యుని పర్యవేక్షణలో వాడవలసినదే. చిరకాలము ఇష్టము వచ్చినట్లు వాడిన యెడల తెలుపు రాకపోగా నీలి నలుపు మచ్చలు పడి, అవి తొలగుట దుర్లభమగును.

జుట్టు రంగులో నుండు పదార్థము

నెరసిన జుట్టును నల్లబరచు పొడులలోను, ద్రవములలోను ముఖ్యముగా నుండునది పారాఫినిలీన్ డయమైన్. దీనినే పి.పి.డి. అని కూడ వ్రాయుదురు. చౌకగా దొరకుటచేతను, నలుపు నిలుచుటచేతను దీని వాడుక విస్తారము. పలువురకు ఏమియు కాదు. కాని కొందరి శరీరము దీనికి పడదు. పడనివారికి తలపై దురద, నీరుకారు పొక్కులు, కనురెప్పల వాపు, ముఖమంతయు ఉబ్బుట కలుగును. ఒక్కసారి పడకపోయిన ఆ గుణము జీవితాంతము ఉండును. ఐదేండ్లు ఏ కీడును చేయని రంగు ఆరవ యేట పడకపోవచ్చును. కావున ఇంతకాలము వాడితిమను ధైర్యము చాలదు.

ఈ కారణముననే జుట్టు రంగుల పొట్లములపై ముద్రింపవలసిన హెచ్చరికను చట్టము నిర్ణయించినది. ఆ హెచ్చరిక ఆంగ్లమున మాత్రమే గాక స్థానిక భాషలో కూడ ఉండవలెను. వాడుటకు ముందు చెవి వెనుకగాని, ముంజేతి లోపలి ప్రక్కనగాని కొంచెము పూసి 24 గంటలు చూడవలెను. రెండు దినములు ఆగిన మరింత నమ్మకము. దురదగాని, ఎరుపుగాని కన్పించిన ఆ రంగును వాడరాదు. కనుబొమలకు, కనురెప్పల వెండ్రుకలకు ఎట్టి పరిస్థితిలోను పూయరాదు. చూపు పోవు ప్రమాదము కలదని ఆ హెచ్చరికయందే స్పష్టముగా నుండును.

ఈ మాట ఊరక వ్రాసినది కాదు. 1933లో అమెరికా దేశమున ఇదే జాతి రసాయనము గల కనురెప్పల రంగును వాడిన స్త్రీలు కొందరు చూపు కోల్పోయిరి, ఒకరు మరణించిరి. అప్పటికి అక్కడ సౌందర్య వస్తువులను అదుపుచేయు చట్టము లేకుండెను. ప్రజలలో కలిగిన ఆగ్రహము 1938 నాటి చట్టమునకు దారితీసినది.

పెండ్లిండ్లలో చేతులకు పెట్టు నల్ల గోరింటను గూర్చియు ఒక మాట చెప్పవలసియున్నది. గోరింటాకు తనంత తానుగా పండిన నారింజ ఎరుపే వచ్చును. కొన్ని గంటలు ఉంచవలెను. కొలది నిమిషములలో నల్లగా పండు గోరింటలో పి.పి.డి. కలిపి యుండును. పసిపిల్లల చేతులకు అది పెట్టి పొక్కులు తెప్పించుట వేడుక కాదు. అట్లు బాల్యముననే పడకపోయినవారికి పెద్దయైన పిమ్మట జుట్టు రంగు మరింత తీవ్రముగా పడకపోవును.

పైన పూసికొనుటకంటె వేయిరెట్లు ఘోరమైనది ఈ రంగు కడుపులోనికి పోవుట. గొంతు, నాలుక, మెడ వాచి ఊపిరి ఆడదు. కండరములు కరగి, మూత్రము నల్లనై, మూత్రపిండములు పనిచేయుట మానును. హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థ మూత్రపిండ వైద్యులు ఇట్టి రోగులను గూర్చి 2007లోనే వైద్య పత్రికలో వ్రాసి తోటి వైద్యులను హెచ్చరించిరి. దీనికి విరుగుడు మందు లేదు. గొంతునకు రంధ్రము చేసి ఊపిరి నిలుపుట, రక్తశుద్ధి చేయుట వంటి చికిత్సలే ప్రాణమును నిలుపవలెను. అందు మొదటి గంటలు మిక్కిలి విలువైనవి.

కనుక జుట్టు రంగు పొట్లమును పురుగుమందుతో సమానముగా చూడవలెను. వంటింటి అలమరలో ఉప్పు, చక్కెర ప్రక్కన ఉంచరాదు. మిగిలిన పొడిని వేరొక డబ్బాలో పోయరాదు. ఒక్కసారికి కావలసినంత కొని, మిగిలినదానిని పారవేయుట ఉత్తమము. ఇంటిలో ఎవరైన తీవ్రమైన మనోవేదనలో నున్నట్లు తోచిన యెడల ఇట్టి వస్తువులను ఇంటినుండి తొలగించి, ఆ మనిషిని ఒంటరిగా విడువక మాటలాడవలెను. టెలి మానస్ 14416 సంఖ్యకు ఏ వేళనైనను ఉచితముగా ఫోను చేసి సలహా పొందవచ్చును.

జుట్టును నిటారుగా చేయు చికిత్సలను గూర్చి క్లుప్తముగా చెప్పుదుము. కొన్ని ద్రవములలో ఫార్మాల్డిహైడ్ ఉండును, లేక వేడిచేసినపుడు అది వెలువడును. కన్నులు మండి, ముక్కు ఘాటెక్కి, దగ్గు వచ్చిన యెడల ఆ చికిత్సను అక్కడనే నిలిపివేసి బయటి గాలిలోనికి రావలెను. చేయించుకొనువారికంటె నిత్యము చేయువారికి దీనివలన ప్రమాదము హెచ్చు.

బొట్టుబిళ్ళ, కుంకుమ, కాటుక

నుదుట బొట్టుబిళ్ళ అంటించుకొను స్త్రీలలో కొందరికి అదే చోట తెల్లని మచ్చ ఏర్పడుట చూచియుందుము. బొల్లి వచ్చినదని ఇంటిల్లిపాది దిగులుపడుదురు. పిల్లకు పెండ్లి కాదని కన్నీరు పెట్టుకొందురు. కాని పలు సందర్భములలో అది జిగురు చేసిన పని. కొన్ని జిగురులలో పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ అను రసాయనముండును. అది రంగునిచ్చు కణములను చంపును. 2009లో 864 మంది రోగులను గూర్చి కలకత్తా చర్మ వైద్యులు ప్రకటించిన పరిశీలనలో, రసాయనములవలన కలుగు తెల్ల మచ్చలకు జుట్టు రంగులు అన్నిటికంటె ముఖ్య కారణముగా తేలినవి. బొట్టుబిళ్ళల జిగురు, రబ్బరు చెప్పులు కూడ ఆ కారణములలో నుండెను. పాదముపై చెప్పు పట్టె ఆకారముననే తెల్ల మచ్చ పడుటకు మూలము ఇదియే.

దురదగాని, ఎరుపుగాని కన్పించిన నాడే బిళ్ళ అంటించుట మానవలెను. మచ్చ చిన్నదిగా నున్నపుడు మాని చికిత్స పొందినచో రంగు తిరిగి వచ్చుటకు అవకాశము కలదు. బిళ్ళను రాత్రి తీసివేయుట, ప్రతిదినము ఒకే చోట అంటింపకుండుట మంచిది. ఇట్టి మచ్చ అంటువ్యాధి కాదు. ఆ కారణమున ఒక పిల్లను చిన్నచూపు చూచుట అన్యాయము.

కుంకుమ విషయమున రంగే సాక్షి. పసుపునకు సున్నము వంటి క్షారము తగిలిన ఎరుపెక్కును. మన పెద్దలు కుంకుమ చేసికొన్నది ఈ గుణమువలననే. అంగడిలో చౌకగా దొరకు కుంకుమలలో పెక్కింటికి ఎరుపును ఇచ్చునవి కృత్రిమ రంగులు. నుదుట దురద, నలుపు మచ్చలు ఏర్పడుటకు అవి కారణము కావచ్చును. సిందూరమునకు వాడు కొన్ని ఎర్ర పొడులు సీసపు భస్మములు, మరికొన్ని పాదరసపు సమ్మేళనములు. కంటికి పెట్టు సుర్మాలలో కొన్ని సీసపు రాతిపొడియే. సీసము పిల్లల మెదడు ఎదుగుదలను, చదువును దెబ్బతీయును. ఇంత వరకు మేలు అను హద్దు సీసమునకు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. సౌందర్య వస్తువులకు రంగు నిచ్చుటకై సీసపు, పాషాణపు సమ్మేళనములను వాడుటను మన నిబంధనలు నిషేధించినవి. ఐనను అచ్చులేని పొట్లములలో విడిగా అమ్ము పొడులకు ఆ నిబంధన ఎట్లు వర్తించును? అట్టి వానిని కొనకుండుటయే రక్ష. ఇంటి కాటుకలో సీసము లేకపోయినను, మురికి వ్రేలితో పసిబిడ్డ కంటిలో పెట్టిన కన్ను కలుషితమగును. బిడ్డకు దిష్టిచుక్క కావలెనన్న బుగ్గపై గాని, అరికాలిపై గాని పెట్టుట మేలు.

సహజమను మాట చాలదు

రసాయనములకు భయపడి, మూలికలతో చేసినదని వ్రాసిన ప్రతి పొట్లమును నమ్ముట మరియొక పొరపాటు. ఆకుల బొమ్మ అచ్చువేసిన జుట్టు పొడులలో సైతము పి.పి.డి. ఉన్నవి కలవు. బొమ్మను గాక పట్టికను చదువవలెను. ఇంటి వస్తువులకును హద్దులు కలవు. నిమ్మరసము ముఖమునకు రాచుకొని ఎండలోనికి పోయిన చర్మము కాలి నల్లమచ్చలు పడును. కుంకుడు రసము కంటిలో పడిన కన్ను మండి ఎర్రబడును. ఐనను శుభ్రమైన కుంకుడు, శీకాయ, పెసరపిండి, కొబ్బరినూనె వంటివి పెక్కుమందికి సరిపడునవే. వీనిలో ఏమున్నదో మనకు తెలియుట వీనికి గల పెద్ద గుణము.

పొట్లము చదువు విధము

మందులకు సంబంధించిన కేంద్ర చట్టము 1940లో ఏర్పడినది. 1962 సవరణతో సౌందర్య వస్తువులు కూడ దాని పరిధిలోనికి వచ్చినవి. 2020లో వీనికి ప్రత్యేక నిబంధనలు వెలువడినవి. వాని ప్రకారము పొట్లముపై వస్తువు పేరు, తయారీదారుని పేరు, చిరునామా, తయారీ లైసెన్సు సంఖ్య, బ్యాచి సంఖ్య, ఎంతకాలములోగా వాడవలెనను తేదీ, కలిపిన పదార్థముల పట్టిక ఉండవలెను. పరదేశపు వస్తువైన దిగుమతిదారుని పేరు, నమోదు సంఖ్య కూడ ఉండవలెను. ఈ వివరములు లేనిది ఎంత చౌకయైనను, ఎవరు మెచ్చినను కొనరాదు. మూతలేని డబ్బీలో కలిపి ఇచ్చు లేపనము ఎవరి చేతినుండి వచ్చినను అంతే.

పట్టిక ఆంగ్లమున, సన్నని అక్షరములలో ఉండునని, మాకు చదువ రాదని పలువురు తల్లులు చెప్పుదురు. ఈ ఇబ్బంది నిజమైనదే. దీనికి నడిగూడెపు చరిత్రలోనే సమాధానము కలదు. మునగాల సంస్థానమునకు నడిగూడెము రాజధానిగా నున్న దినములలో రాజా నాయని వేంకట రంగారావుగారు, దివానైన కొమర్రాజు లక్ష్మణరావుగారు తెలుగువారికి తెలుగున విజ్ఞానము అందవలెనని శ్రమించిరి. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయము వెలసినది. 1906లో విజ్ఞాన చంద్రికా మండలి ఏర్పడి చరిత్రను, ప్రకృతి శాస్త్రములను, ఆరోగ్య విషయములను తెలుగు పుస్తకములుగా ఇంటింటికి చేర్చినది. శాస్త్రము పరభాషలో దాగియున్న దానిని మన భాషలోనికి తెచ్చికొనుట ఈ గ్రామమునకు క్రొత్త పని కాదు.

ఆ పనినే నేడు చిన్న రూపమున చేయవచ్చును. పాఠశాలలో చదువుచున్న పిల్లవానిచేత పట్టికను చదివింపుడు. మెర్క్యురీ, కాలోమెల్, బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్, హైడ్రోక్వినోన్, పారాఫినిలీన్ డయమైన్, లెడ్, ఫార్మాల్డిహైడ్ అను తొమ్మిది మాటలను ఉపాధ్యాయులు ఆంగ్లములోను, తెలుగులోను పెద్ద అక్షరములతో ఒక అట్టపై వ్రాసి గ్రంథాలయమునందో, పంచాయతీ కార్యాలయమునందో వ్రేలాడదీయవచ్చును. మహిళా స్వయం సహాయక సంఘముల సమావేశమునకు ఒక్కొక్కరు తమ ఇంటనున్న ఒక డబ్బీని తెచ్చి అందరి ఎదుట చదివించిన, ఒక్క నెలలో ఊరంతటికి తెలివి కలుగును. ఐతే దొంగ సరకు చేయువాడు పాదరసమని పట్టికలో వ్రాయడు. అట్టి చోట చిరునామా లేకుండుటయే, వారములో తెలుపు అను వాగ్దానమే మనకు హెచ్చరిక.

అనుమానింపదగిన వస్తువును గూర్చి ఔషధ నియంత్రణ శాఖ అధికారులకు తెలుపవచ్చును. వినియోగదారుల ఫిర్యాదులకు 1915 సంఖ్య కలదు. రసీదును, పొట్లమును భద్రపరచవలెను. అవి లేని ఫిర్యాదునకు బలము చాలదు.

హాని కలిగిన యెడల

పూసినచోట మంట, వాపు కలిగిన వెంటనే ఆ వస్తువును చాల నీటితో మెల్లగా కడుగవలెను. గట్టిగా రుద్దరాదు. దానిపై మరియొక లేపనము పూయరాదు. కంటిలో పడిన పావుగంట సేపు మంచినీటితో కడుగుచు ఆస్పత్రికి బయలుదేరవలెను. ముఖము ఉబ్బుట, ఊపిరి ఆడకుండుట కన్పించిన, లేదా జుట్టు రంగు ఎవరైన మ్రింగిన యెడల వాంతి చేయింపక, గృహవైద్యములతో కాలము గడపక 108కు ఫోను చేయవలెను. పొట్లమును తప్పక వెంట తీసికొని పోవలెను. దానిపై నున్న అచ్చు చూచి వైద్యుడు చికిత్సను త్వరగా నిర్ణయింపగలడు. 2019లో సూర్యాపేటలో ప్రభుత్వ వైద్య కళాశాల ఏర్పడిన పిమ్మట ఈ ప్రాంతమువారికి పెద్ద వైద్యము మునుపటికంటె చేరువైనది.

తెల్లబరచు లేపనము వాడి కాళ్లు వాచినవారు, మూత్రము నురుగుగా పోవువారు లేపనమును వెంటనే మాని మూత్ర పరీక్ష చేయించుకొనవలెను. ఈ పరీక్షకు అయ్యెడి వ్యయము స్వల్పము. ఆలస్యమునకు అయ్యెడి వ్యయము రక్తశుద్ధి యంత్రము దాక పోవచ్చును.

తుదకు ఒక్క విన్నపము. ఈ విషములకు గిరాకీ పుట్టించునది అంగడి కాదు, మన మాటలు. పిల్ల నల్లన, కట్నము ఎక్కువ యని పెద్దలు అనునపుడు, పెండ్లిచూపులనాడు మేనిఛాయను తూచునపుడు ఆ పిల్ల చేతిలో పాదరసపు డబ్బీని పెట్టుచున్నది మనమే. నలుపు రోగము కాదు, దానికి మందు లేదు, అక్కరయు లేదు. నెరసిన తలయు సిగ్గుపడవలసినది కాదు. రంగు వేసికొనదలచినవారు పరీక్షించి వేసికొనవచ్చును, వలదనువారు అట్లే యుండవచ్చును. పిల్లల ఆరోగ్యముకంటె వారి రంగు ముఖ్యమని మన ఇండ్లలో ఎవరును అనకుండిన నాడు, చిరునామా లేని ఆ డబ్బీలు కొనువారు లేక కొట్లలోనే దుమ్ము పట్టును.